కాటుకు ముందున్న భాష

పొద్దున్నే ఏ కుక్క ఏ మనఃస్థితిలో ఉంటుందో ఎవరికి తెలుసు? వీధికుక్కల కేసుపై 2026 జనవరిలో జరిగిన విచారణలో సుప్రీంకోర్టు ధర్మాసనం నుంచి ఈ అర్థం వచ్చే ప్రశ్న వెలువడింది. కరవకుండా ఉండేందుకు కుక్కలకు కౌన్సెలింగ్ ఇప్పించడం ఒక్కటే తరువాయి అన్న వ్యంగ్యం కూడా ఆ విచారణలోనే వినిపించింది. పత్రికలకు శీర్షికలు దొరికాయి. టీవీ చర్చల్లో కుక్కల పక్షం, మనుషుల పక్షం అంటూ రెండు శిబిరాలు ఏర్పడ్డాయి. ఆ ప్రశ్న మాత్రం ప్రశ్నగానే మిగిలిపోయింది.

నిజానికి దానికి సమాధానం ఉంది. కుక్క మనఃస్థితిని తెలుసుకోవచ్చు. పిల్లిది తెలుసుకోవడం మరికొంత కష్టం, అయినా సాధ్యమే. పశువైద్యశాస్త్రంలో జంతు ప్రవర్తన ఒక ప్రత్యేక విభాగంగా ఎదిగి దశాబ్దాలు గడిచాయి. అయితే రాజ్యానికి జంతువు కనిపించేది కరిచినప్పుడే. కరవడానికి గంట ముందు, ఒక్కోసారి నెలల ముందు, అది పడిన బెదురు ఏ రికార్డులోకీ ఎక్కదు.

తెలుగు సాహిత్యానికి ఈ సంగతి కొత్తది కాదు. నన్నయ భారతంలో, ఆదిపర్వం తొలి భాగంలోనే దెబ్బలు తిన్న ఒక కుక్కపిల్ల కనిపిస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి దేవశుని సరమ కొడుకు వెళ్తాడు. వాడు ఏ తప్పూ చేయకపోయినా రాజు తమ్ముళ్లు కొట్టి తరుముతారు. సరమ నేరుగా రాజు దగ్గరకే వచ్చి నిలదీస్తుంది. యుక్తాయుక్తాలు ఎంచకుండా సాధువులకు కీడు చేసేవారికి, కారణం కనబడని భయాలు చెప్పాపెట్టకుండా వచ్చిపడతాయని హెచ్చరించి వెళ్లిపోతుంది. సభలో రాజుకు సమాధానం దొరకదు. భయం రుచి చూసిన ప్రాణి తల్లి ఆ భయాన్నే తిరిగి పాలకుడికి అప్పగించింది. పట్టాభిషిక్తులెవరైనా ఒకసారి చదవదగిన ఘట్టం.

ఈ విషయాన్ని ఢిల్లీ నుంచి కాకుండా ఖరగ్‌పూర్‌లోని ప్రేమ్ బజార్ నుంచి చూస్తే మరింత స్పష్టపడుతుంది. ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న అంగడి అది. ప్రాంగణంలోకి వెళ్లే ఒక గేటుకు ఆ బజారు పేరే ఉంది. ఒకప్పుడు స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన హిజ్లీ శిబిరం భవనంలో 1951లో ఐఐటీ మొదలైంది. అంతకు ముందే బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని పెంచింది. ఆ రైల్వే కొలువుల కోసమే శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు తరలివచ్చి తరాలుగా స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో, శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడంలో ఖరగ్‌పూర్ తెలుగువారి సంఖ్య లెక్కలోకి వచ్చింది. ఓటున్న వారి భాష వినడం ప్రభుత్వాలకు తెలుసు. ఓటులేని ప్రాణుల భాష మాటేమిటి?

ప్రేమ్ బజార్ వెనుక సందులో అద్దెకు ఉంటున్న ఒక తెలుగు కుటుంబాన్ని తీసుకుందాం. పెద్దాయన రైల్వే వర్క్‌షాపులో పనిచేసి విరమించాడు. క్వార్టర్ ఖాళీ చేసి ఈ ఇంటికి వచ్చేటప్పుడు పదేళ్ల నాటుకుక్కను వెంట తెచ్చుకున్నారు. పిల్లి తనంతట తానే వచ్చి చేరింది. 2024 కాళీపూజ నాడు, అంటే అక్టోబరు 31న, ఆ కుక్క మధ్యాహ్నం నుంచే అన్నం ముట్టలేదు. "దానికేటో అయ్యింది బాబూ, పొద్దుట్నుంచి ముద్ద ముట్టనేదు" అని ముసలమ్మ రెండుసార్లు చెప్పింది. "కొవ్వెక్కిందే నానమ్మా, ఆకలైతే అదే తింటాది" అన్నాడు మనవడు. రాత్రి ఎనిమిది దాటాక అది మంచం కిందకు దూరింది. బయట ఏమీ లేదని చూపించడానికి పెద్దాయన మెడపట్టీ పట్టుకుని లాగాడు. అది గుర్రుమంది. పదేళ్లలో ఎన్నడూ ఆయన మీద గుర్రుమనని కుక్క. చుట్టిన పేపరుతో ఆయన రెండు దెబ్బలు వేశాడు. మూడోసారి లాగబోతే చేతిని పట్టి కరిచింది.

ఆ ఇంట్లో అందరూ మంచివాళ్లే. ఆ రోజంతా కుక్క చెబుతూనే ఉంది కూడా. తిండి ఎదురుగా లేకపోయినా పదే పదే పెదవులు నాక్కుంది. నిద్ర రాకపోయినా ఆవులించింది. ఎండ లేకుండానే నాలుక బయటపెట్టి ఒగర్చింది. గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరిగిన చోటే తిరిగింది. చెవులు వెనక్కి అతుక్కుపోయాయి, తోక కాళ్ల మధ్యకు చేరింది. ఎవరైనా దగ్గరకు వస్తే ముఖం పక్కకు తిప్పి కనుకొసలతో చూసింది, ఆ చూపులో కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనిపించింది. కుక్క ఒళ్లు బిగబట్టి, నోరు మూసి, ఒక్క క్షణం కదలకుండా ఆగిపోవడం వీటన్నిటికన్నా ప్రమాదకరమైన గుర్తు. అది అణకువ అని చాలామంది పొరబడతారు. కాటుకు ముందు వచ్చే ఆఖరి హెచ్చరిక అది. గుర్రుమనడం కూడా హెచ్చరికే, నేరం కాదు. గుర్రుమన్నందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం మానదు. ఆ తర్వాత హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. మొరిగే కుక్క కరవదన్న సామెత ఎన్ని పిక్కలకు చేటు తెచ్చిందో కాని, పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందన్న సామెత మాత్రం అక్షరసత్యం. దారి మూసుకుపోయిన భయానికే మనం దూకుడు అని పేరు పెడుతుంటాం.

పిల్లి ఇంత బాహాటంగా చెప్పదు. వేటాడే జంతువే అయినా మరొకదానికి వేట కాగల చిన్న ప్రాణి కనుక బలహీనతను దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. ముడుచుకుని కూర్చుని తోకను ఒంటికి చుట్టుకుంటుంది. చెవులు పక్కలకు వాలతాయి, వెలుతురులో కూడా కనుపాపలు నిండుగా విచ్చుకుంటాయి. అలమర వెనకో అటక మీదో చేరి రోజంతా కనబడదు. అవే చోట్ల అదేపనిగా నాక్కుని పొట్ట మీద బొచ్చు పోగొట్టుకుంటుంది. పక్కబట్టల మీద మూత్రం పోస్తే కక్షతో చేసిందని ఇంట్లోవాళ్లు తిట్టుకుంటారు. కక్ష మనుషుల సొత్తు. ఒత్తిడి వల్ల పిల్లుల మూత్రాశయం వాచే జబ్బు ఒకటి ఉంది. మగపిల్లి పదేపదే కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా పోయలేకపోతే తెల్లవారేదాకా ఆగకూడదు. మూత్రమార్గం మూసుకుపోతే ప్రాణం పోతుంది. రెండు రోజులు తిండి మానిన పిల్లి విషయంలోనూ ఉపేక్ష పనికిరాదు, కాలేయం చెడుతుంది. గురగుర మంటోంది కదా, హాయిగా ఉందనుకోవడం కూడా అన్నిసార్లూ నిజం కాదు. నొప్పిలో ఉన్న పిల్లి కూడా గురగుర మంటుంది.

ఈ ప్రాణుల చెవి మన చెవి కాదు. మనిషి వినగలిగేది 20,000 హెర్ట్జ్ వరకు. కుక్క దాదాపు 45,000 వరకు, పిల్లి 60,000 దాటి కూడా వింటాయి. మనకు ఒక్క చప్పుడుగా వినిపించే టపాకాయలో వాటికి వినిపించేది ఇంకెంతో ఉంటుంది. అది ఎప్పుడు, ఎటు నుంచి వస్తుందో తెలియదు, ఎందుకో అసలే తెలియదు.

ఇక్కడ బెంగాల్ చరిత్రలో ఒక అధ్యాయాన్ని గుర్తుచేసుకోవాలి. 1996లో కలకత్తా హైకోర్టులో జస్టిస్ భగవతీ ప్రసాద్ బెనర్జీ శబ్ద కాలుష్యంపై ఇచ్చిన ఆదేశాలు దేశానికి దారి చూపాయి. మిగతా దేశంలో పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ వరకు టపాకాయలకు అనుమతి ఉండగా, పశ్చిమ బెంగాల్ ఏళ్ల తరబడి 90 డెసిబెల్స్ దాటనివ్వలేదు. 2023 అక్టోబరులో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ గీతను చెరిపి 125కు పెంచింది. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. అంకె 35 పెరిగితే శబ్దశక్తి వేల రెట్లు పెరుగుతుంది. దేశమంతటా ఉన్న ప్రమాణాన్నే తాము పాటిస్తున్నామన్న వాదనను కాదనలేం. అయితే మంచి చేసిన రాష్ట్రాన్ని మిగతావి అనుసరించాల్సింది పోయి, ఆ రాష్ట్రమే వెనక్కి నడిచి గుంపులో కలవడం మన సమాఖ్య వ్యవస్థలో కొత్త విషయం కాదు కదా. ఈ మార్పుపై వినిపించిన వాదనల్లో మనుషుల చెవులున్నాయి, ఊపిరితిత్తులున్నాయి, టపాకాయల వ్యాపారముంది. మంచం కింద వణికే ప్రాణి ప్రస్తావన అరుదు.

ఆ ఇంట్లో కుక్క కాటుకు టీకాలు వేయించుకున్నాక పెద్దాయన పశువైద్యుడి దగ్గరకు వెళ్లాడు. కుక్కను వదిలించుకోవడానికే వెళ్లాడని ముసలమ్మ అంటుంది. వైద్యుడు ముందు దాని కీళ్లు, పళ్లు, చెవులు పరీక్షించాడు. మంచి వైద్యుడి లక్షణం అదే. నొప్పి చాలాసార్లు బెదురు వేషంలో వస్తుంది. వయసు మళ్లిన కుక్క కొత్తగా చప్పుళ్లకు జడుస్తుంటే కీళ్లనొప్పి ఉందేమో చూడాలి. మరో సంగతీ మరవకూడదు. స్వభావం ఉన్నట్టుండి మారి, చొంగ కారుస్తూ, మింగలేక, తూలుతూ ఉంటే దాన్ని ఆందోళన అని సరిపెట్టుకోకూడదు. రేబిస్ కావచ్చు, దగ్గరకు వెళ్లకుండా వైద్యుడికి చెప్పాలి.

2025 కాళీపూజ అక్టోబరు 20న వచ్చింది. ఆ కుటుంబం సెప్టెంబరు నుంచే సిద్ధమయింది. మనవడు ఫోనులో టపాకాయల చప్పుడు రికార్డు పెట్టి, వినీవినపడనంత తక్కువ స్థాయిలో మోగిస్తూ, కుక్కకు ఇష్టమైన ఉడికించిన కోడిమాంసం ముక్కలు పెట్టేవాడు. అది చెవులు రిక్కిస్తే స్థాయి పెంచడు. నెమ్మదిగా ఉంటేనే మరుసటి రోజు ఒక గీత పెంచుతాడు. భయపడే శబ్దాన్ని మంచి అనుభవంతో జతకట్టే పద్ధతి ఇది. తొందరపడితే మొదటికే మోసం వస్తుంది. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్ వరదల్లో పావ్‌లోవ్ ప్రయోగశాలలోని కుక్కలు బోనుల్లో దాదాపు మునిగిపోయి బతికి బయటపడ్డాయి. అంతకు ముందు నేర్చుకున్నవి కొన్ని మరిచిపోయాయి. అవి కుదుటపడ్డాక కూడా, గది తలుపు కింద నుంచి సన్నని నీటిధార వదిలితే చాలు, పాత బెదురు తిరగబెట్టేది. గంట మోగితే లాలాజలం ఊరుతుందన్న ఒక్క ముక్కే మన పాఠ్యపుస్తకాల్లో మిగిలింది కాని, పావ్‌లోవ్ కుక్కలు చెప్పిన ఈ రెండో పాఠం అంతకంటే బరువైనది.

పండుగనాడు వెలుతురు ఉండగానే కుక్కను మెడపట్టీ బిగించి తిప్పి తెచ్చారు. బెదిరిన కుక్క తెంపుకుని పారిపోయేది అటువంటి రాత్రుల్లోనే. ఫోను నంబరు రాసిన బిళ్లను మెడకు కట్టారు. సాయంత్రం ఆరుకే తిండి పెట్టారు. వీధికి దూరంగా ఉన్న లోపలి గదిలో కిటికీలు మూసి, దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాను, రేడియో పెట్టారు. మంచం కింద పాత బొంత పరిచి వదిలేశారు. దాక్కునే చోటు దాని హక్కు. అక్కడి నుంచి ఎవరూ లాగలేదు. ముసలమ్మ పక్కనే చాప వేసుకుని కూర్చుంది. అది వచ్చి ఒళ్లో తల పెడితే నిమిరింది. భయపడినప్పుడు దగ్గరకు తీస్తే భయం ఇంకా అలవాటవుతుందన్న మాట ఒకటి ప్రచారంలో ఉంది. భయం బహుమతి కోసం చేసే పని కాదు, ఓదార్చితే పెరగదు. పెంచేది తిట్లూ దెబ్బలే.

పిల్లికి ఎత్తైన చోట అట్టపెట్టె పెట్టి, పాత చీర పరిచారు. ఇసుక పళ్లెం అదే గదిలోకి మార్చారు. దాన్ని ఎత్తుకోవాలని ఎవరూ ప్రయత్నించలేదు. దూరం నుంచి కళ్లు మెల్లగా మూసి తెరిస్తే పిల్లి కూడా అలాగే బదులిస్తుందని, దగ్గరకు రావడానికి మొగ్గు చూపుతుందని 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. తేరిపార చూడటం పిల్లి లోకంలో బెదిరింపు. మన శాసనసభల్లోనూ అంతే.

మందుల విషయంలో ఇంటివైద్యం పనికిరాదు. ఇంట్లో మనుషులు వేసుకునే నిద్రమాత్ర సగం విరిచి పెట్టడం ప్రాణాంతకం కావచ్చు. పారాసిటమాల్ పిల్లికి విషం. ఎసిప్రోమజీన్ వంటి మత్తుమందు ఒక్కటే ఇస్తే ఒళ్లు కదలదు కాని భయం పోదు. ప్రాణి చూస్తూ వింటూ కదలలేక పడి ఉంటుంది. ఆందోళనకే పనిచేసే మందులు వేరే ఉన్నాయి. ఒంటరిగా వదిలితే తట్టుకోలేని కుక్కలకు క్లోమిప్రమీన్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1998లోనే ఆమోదించింది. ఏది, ఎంత, ఎన్నాళ్లు అన్నది పశువైద్యుడు తేల్చాలి, శిక్షణతో కలిపి వాడాలి.

ఒంటరితనం రైల్వే ఊళ్లకు ప్రత్యేకమైన సమస్య. బదిలీ ఉత్తర్వు వస్తే మనుషులు బెర్తుల్లో వెళ్తారు. కుక్కను వెంట తీసుకెళ్లాలంటే ఏసీ ఫస్ట్ క్లాసులో కూపే మొత్తం దొరకాలి. లేకపోతే బ్రేక్ వ్యానులో ఉన్న డాగ్ బాక్సే గతి. చీకటి, ఇనుప చప్పుడు, తెలియని వాసనలు, మనిషి లేని పెట్టె. అందులో ఒక రాత్రి ప్రయాణించిన కుక్క కొత్త ఊళ్లో యజమాని గుమ్మం దాటినప్పుడల్లా తలుపు గీకుతూ ఏడ్చిందంటే ఆశ్చర్యమేముంది? కూపే స్తోమత లేని కుటుంబాలు కొన్ని కుక్కను క్వార్టర్ ముందే వదిలి వెళ్తాయి. వీధికుక్కల సంఖ్యను లెక్కగట్టే అధికారులు ఈ పుట్టుకను కూడా లెక్కించాలి.

ఇక వీధిలో ఉన్నవాటి సంగతి. మనిషి భయం తక్కువదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల్లో మన దేశంలో ఏటా 18,000 నుంచి 20,000 రేబిస్ మరణాలున్నాయి, చనిపోయేవారిలో పిల్లలూ చాలామందే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడిపై కుక్కలు పడిన దృశ్యం చూసినవారెవరూ మరిచిపోలేరు. కుక్క కరిస్తే పుండును 15 నిమిషాలు సబ్బు నీటితో కడిగి ఆసుపత్రికి వెళ్లాలన్న ఒక్క మాట ప్రతి బడిలోనూ నేర్పలేకపోయాం. పుర శాఖలు పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలన్న నిబంధనలు 2001 నుంచి ఉన్నాయి. అమలు చేయని స్థానిక సంస్థల వైఫల్యానికి కుక్కలూ పిల్లలూ కలిసే మూల్యం చెల్లించారు.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో ఒక ధర్మాసనం ఢిల్లీ ప్రాంతంలోని వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమంది. ఆగస్టు 22న విస్తృత ధర్మాసనం సవరించి, రేబిస్ సోకినవి, దూకుడుగా ఉన్నవి మినహా మిగతావాటిని టీకా వేసి పట్టిన చోటే వదలమంది. అక్టోబరు 15న అదే న్యాయస్థానంలో మరో ధర్మాసనం ఢిల్లీ ప్రాంతంలో దీపావళికి హరిత టపాకాయలను అనుమతించింది. నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా సముదాయాలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి కుక్కలను తొలగించాలని, మళ్లీ అదే చోట వదలరాదని దేశమంతటికీ వర్తించే ఆదేశం వచ్చింది. దూకుడు అంటే ఏమిటి? కుక్కలు పట్టేవాడు ఉచ్చు వేసి లాగినప్పుడు గుర్రుమన్న కుక్క దూకుడుదా, బెదిరిందా? ఈ తేడా చెప్పగల శిక్షణ ఎంతమంది పుర సిబ్బందికి ఇచ్చారు? చంపదలచిన కుక్కకు పిచ్చిదని పేరు పెట్టిన కాలం పోయి, తరలించదలచిన కుక్కకు దూకుడుదని పేరు పెట్టే కాలం వచ్చింది.

ఖరగ్‌పూర్ స్టేషను ఆ జాబితాలో ఉంది. ఐఐటీ ప్రాంగణం ఉంది. ఆ ప్రాంగణం గోడకు ఇవతల ఉన్న ప్రేమ్ బజార్ లేదు. టీ బల్లల కింద, చేపల అంగళ్ల పక్కన పడుకునే కుక్కకు ఆ గేటు ఒక సరిహద్దు అని తెలియదు. కాళీపూజ రాత్రి బజారులో ఒక సీమటపాకాయ పేలితే, చెట్లూ చీకటీ ఉన్న వైపుకే అది పరుగెత్తుతుంది. ఆ చెట్లూ చీకటీ గోడకు అవతలే ఉన్నాయి. తెల్లవారేసరికి అది ఏదో హాస్టల్ మెట్ల కింద వణుకుతూ, ఎవరైనా దగ్గరకు వస్తే పళ్లు చూపిస్తూ కనబడితే, నవంబరు 7 నాటి ఆదేశం ప్రకారం అది విద్యాసంస్థలో దొరికిన కుక్క. దాన్ని తిరిగి బజారులో వదలాలా, వద్దా అన్నది తేల్చాల్సింది వ్యానుతో వచ్చిన ఇద్దరు మనుషులు.